లేఖరిని ఎంచుకొను విధానము

సుభద్ర కొనాలనుకున్నది తను పందొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్న ఇల్లే. అమ్మాలనుకున్న ప్రకాశరావు ఆ ఇంటి వెనక గదిలోనే ఉంటాడు. అమ్మేశాక కూడా అక్కడే ఉంటాడు. కాకపోతే ఇన్నాళ్లూ ఆమె ఆయనకు అద్దె ఇచ్చేది, ఇకమీదట ఆయన ఆమెకు ఇస్తాడు. ఇంతకన్నా సులువైన బేరం ఉండదని ఇద్దరూ అనుకున్నారు.

సుభద్రది ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపు. ముందుగదిలో రెండు మిషన్లు, గోడకు ఒక అద్దం, దండెం మీద ఎప్పుడూ ఇరవై పాతిక జాకెట్లు. భర్త పోయి పదేళ్లయింది. ప్రకాశరావు రైల్వేలో గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాడు. భార్య లేదు, పిల్లలు లేరు. ఆ వేసవిలో ఒక రోజు పైకప్పు వైపు చూసి, "పెంకులు మార్పించే ఓపిక నాకింక లేదమ్మాయ్. ఇల్లు నీ పేర రాయించేసుకో, పెంకులు కూడా నువ్వే మార్పించుకో" అన్నాడు. సుభద్ర కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత బ్యాంకుకు వెళ్లి అప్పు అడిగింది. బ్యాంకువాళ్లు మంజూరు చేసి, ఆ కాగితం వంద రోజులే చెల్లుతుందన్నారు.

రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల పాకలో దివాకరం అనే దస్తావేజు లేఖరి ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా అక్కడే కూర్చుని రాస్తున్నాడు. ప్రకాశరావు ఆ ఇల్లు కొన్నప్పటి దస్తావేజు రాసింది కూడా ఆయనే. ఇద్దరూ వెళ్లి విషయం చెప్పగానే దివాకరం కళ్లు మూసుకుని, "తూర్పున మునిసిపాలిటీ రోడ్డు, దక్షిణం పెదపాటివారి ప్రహరీ, పడమర డ్రైనేజీ, ఉత్తరం పచారీ కొట్టు" అని చదివేశాడు. "రేపు పదింటికి వచ్చేయండి. పదకొండింటికల్లా అయిపోద్ది."

మర్నాడు పదింటికి ఆఫీసు గేటుకు నలభై రెండు పేజీల సర్క్యులరు దారాలతో కట్టి వేలాడుతూ ఉంది.

దాని పుట్టుక ఇలా జరిగింది. ఆ శాఖలో ఒక పెద్ద అధికారి పరిశీలన నిమిత్తం పదిహేను రోజులు విదేశం వెళ్లివచ్చాడు. అక్కడ ఇల్లు కొనేవాడు ముందుగా లాయరును వెతుక్కుంటాడట. నలుగురిని వాకబు చేసి, ఫీజు ఎంతో, పని ఎన్నాళ్లో, ఇదివరకు ఎవరైనా ఫిర్యాదు చేశారేమో కనుక్కుని, అప్పుడు ఒకరిని కుదుర్చుకుంటాడట. ఆ జాగ్రత్త చూసి అధికారి మనసు కరిగిపోయింది. అక్కడ అది మనుషుల అలవాటు. విమానం దిగేసరికి నిబంధన అయింది.

సబ్ రిజిస్ట్రారు విశ్వంభరరావు సర్క్యులరును రెండుసార్లు చదివినవాడు. జిల్లాలో అలా చదివినవాడు ఆయన ఒక్కడే.

"ఈ లేఖరిని మీరు ఏ ప్రాతిపదికన ఎంపిక చేసుకున్నారు?" అని అడిగాడు.

"ఎంపికేటండీ, ఆయన ఎప్పట్నుంచో ఎదురుగానే ఉన్నాడు కదండి" అంది సుభద్ర.

"అది లభ్యతమ్మా, ఎంపిక కాదు. పౌరుడు అజాగ్రత్తగా లేఖరిని పెట్టుకొనుట వలన కలుగు నష్టముల నుండి సదరు పౌరుని కాపాడుట ఈ ఉత్తర్వుల ముఖ్యోద్దేశము. మిమ్మల్ని కాపాడకుండా నేను దస్తావేజు తీసుకోలేను."

కాపాడే పద్ధతి ఇది. కొనేవాళ్లు కనీసం ముగ్గురు లేఖరులను పోల్చిచూడాలి. ఒక్కొక్కరిని ఇరవైనాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు నిర్ణీత ఫారంలో రాసి, మార్కులు వేసి, ఎక్కువ వచ్చినవారిని పెట్టుకోవాలి.

అది విని సుభద్ర పెద్దగా భయపడలేదు. రేకుల పాకలో ముగ్గురు లేఖరులు ఉండనే ఉన్నారు. కాని మిగతా ఇద్దరిలో ఒకరు దివాకరం తమ్ముడు, ఒకరు అల్లుడు. సర్క్యులరు ముప్పై ఒకటో పేజీ ప్రకారం రక్తసంబంధమో వియ్యమో ఉన్నవాళ్లంతా కలిపి ఒకే అభ్యర్థి కింద లెక్క. సుభద్ర షాపు మూసి, పెళ్లివారి జాకెట్లు పక్కన పెట్టి, బస్సెక్కి చుట్టుపక్కల రెండు ఊళ్లు తిరిగి మరో ఇద్దరిని పట్టుకుంది.

ఇరవైనాలుగు ప్రశ్నల్లో ఏడోది, "మీరు ఇంతవరకు చేసిన తప్పులెన్ని?" అని.

దివాకరం చాలాసేపు ఆలోచించి, "రెండండి" అన్నాడు. "ఒకసారి తూర్పును పడమర అని రాసేశాను. ఇంకోసారి తండ్రి పేరు చోట మామగారి పేరు పడిపోయింది. రెండూ మర్నాడే నేనే సవరణ పత్రం రాసి, ఊరికే చేసి ఇచ్చాను."

"అది రాయనాండీ?"

"రాయమ్మా. జరిగిందే కదా."

రాసింది. తప్పుకు పది చొప్పున ఇరవై మార్కులు పోయాయి. రెండో ఊరి లేఖరి తను తప్పే చేయలేదన్నాడు. పద్దెనిమిదేళ్ల అనుభవంలో తప్పు లేదనడం నమ్మశక్యం కాదని ఆయనకు ముప్పై పోయాయి. మూడో ఊళ్లో గణపతి అనే ఆయన అంతకు ముందు వారం దాకా సెల్‌ఫోన్ల కవర్లు అమ్మేవాడు. సర్క్యులరు వచ్చిందని విని లేఖరి బోర్డు కట్టాడు. ఒక్క దస్తావేజు కూడా రాయలేదు గనుక ఆయన మీద ఒక్క ఫిర్యాదూ లేదు, ఒక్క జాప్యమూ లేదు, ఒక్క తప్పూ లేదు. నూటికి తొంభైనాలుగు వచ్చాయి.

"చూశారా, ఎక్కడో మారుమూల ఉన్న ఇటువంటి ప్రతిభను విధానమే వెలికి తీసింది" అని విశ్వంభరరావు ఎంతో సంతోషించాడు.

గణపతి మాత్రం బెంబేలెత్తిపోయాడు. "అయ్యా, సరిహద్దులంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలండి?" అని దివాకరాన్నే అడగడానికి వచ్చాడు. దివాకరం పాపమని చెప్పడం మొదలుపెట్టేసరికి, అభ్యర్థులు ఒకరితో ఒకరు సంప్రదించుకోరాదని ఆఫీసులోంచి నోటీసు వచ్చింది.

ఇంతలో ప్రకాశరావుకు కూడా పిలుపొచ్చింది. అమ్మేవాళ్లు కూడా అదే పద్ధతిలో తమ లేఖరిని ఎంచుకోవాలి. కొనేవాళ్ల లేఖరినే పెట్టుకోకూడదు. అంతకన్నా ముఖ్యంగా, ఎంపిక పూర్తయ్యేవరకు ఇద్దరూ ఒకరినొకరు ప్రభావితం చేసుకోకూడదు. దీన్ని పరస్పర ప్రభావ నిషేధ కాలం అంటారు.

"అంటే ఏటండీ?" అన్నాడు ప్రకాశరావు.

"సంభాషణ పనికిరాదు."

"ఒకే ఇంట్లో ఉంటామండి."

"ఆ విషయం సర్క్యులరులో పరిగణనలోకి తీసుకోబడలేదు. కనుక మధ్య తలుపు మూసుకోండి."

వేరేవాళ్లయితే ఆఫీసులో సరేనని ఇంటికొచ్చి మాట్లాడుకునేవారు. కాని ప్రకాశరావు ముప్పైనాలుగేళ్లు రైల్వే నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగినవాడు. సుభద్రకు బ్యాంకు కాగితం చేతిలో ఉంది, చిన్న తేడా వచ్చినా ఇల్లు పోతుందన్న భయం ఉంది. ఇద్దరూ మధ్య తలుపు నిజంగానే మూసుకున్నారు.

సుభద్ర రోజూ పొద్దున్నే చేసే ఉప్మాలో ఆయనకు ఒక ప్లేటు పెట్టడం పందొమ్మిదేళ్ల మామూలు. ఇప్పుడు పెరటి గుమ్మం దగ్గర ప్లేటు పెట్టి, గొంతు సవరించుకుని వెళ్లిపోయేది. కాసేపటికి ప్లేటు కడిగి బోర్లించి ఉండేది. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పేవాళ్లు లేరు.

ఇదైనా సర్దుకుపోయేవారు. వాళ్లను విడదీసింది రెండో విడత ఫారం.

సుభద్రకు ఇచ్చిన ఫారంలో పంతొమ్మిదో ప్రశ్న: "విక్రయదారు ఏదైనా దాచుచున్నాడని మీకు ఎప్పుడైనా అనిపించినదా? లేదని వ్రాసినచో, ఎందుకు అనిపించలేదో వివరించుము." సుభద్ర లేదని రాసింది. వివరణ దగ్గర ఆగింది. మిషను మీద కూర్చుని ఆలోచించింది. ఆలోచించేకొద్దీ, వెనక గదిలో ఆయన ఎప్పుడూ తాళం తీయని నల్ల పెట్టె ఒకటి ఉందని గుర్తొచ్చింది. అందులో ఏముంటుంది? ఇంటి మీద ఏమైనా తాకట్టు కాగితమా? ఎవరికైనా రాసిచ్చాడా? ఇన్నేళ్లలో తను ఎందుకు అడగలేదు? లేదన్న మాట కొట్టేసింది.

ప్రకాశరావు ఫారంలో పంతొమ్మిదో ప్రశ్న వేరు: "కొనుగోలుదారు మీ యెడల సౌహార్దముగా మెలగుటకు గల కారణములు ఏవి? ఆస్తి గూర్చిన ఆశ వానిలో ఒకటియా?" ఆయన కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. పందొమ్మిదేళ్ల ఉప్మా ప్లేట్లు ఆయన కళ్లముందు వరసగా వెళ్లాయి. జ్వరమొచ్చినప్పుడు జావ కాచింది. కంటి ఆపరేషనుకు తీసుకెళ్లింది. ఎందుకు చేసినట్టు? తనకెవరూ లేరని ఆమెకు మొదటినుంచీ తెలుసు కదా?

మర్నాడు పెరటి గుమ్మం దగ్గర ప్లేటు తీయలేదు. మధ్యాహ్నానికి చీమలు పట్టాయి. సుభద్ర వచ్చి చూసి, ప్లేటు తీసుకెళ్లి కడిగేసింది. ఆ పై రోజు ఉప్మా ఒక్కళ్లకే చేసుకుంది.

ఆఫీసులో ఇద్దరి ఫారాలూ బాగున్నాయన్నారు. అనుమానం వ్యక్తం చేసినందుకు చెరొక అయిదు మార్కులు కలిపారు.

బ్యాంకు కాగితం వచ్చిన యాభైయో రోజున సుభద్ర పూర్తి చేసిన ఫైలు పట్టుకుని విశ్వంభరరావు ముందు నిలబడింది. ఆయన ప్రతి కాగితం చూసి, ప్రతి సంతకం సరిచూసి, మెచ్చుకోలుగా తలూపాడు.

"అంతా సక్రమంగా ఉంది. ఇక ఈ ఎంపిక ఏ ఒత్తిడి లేకుండా జరిగినదని ఒక స్వతంత్ర న్యాయవాది ధ్రువీకరణ జతపరచండి."

"ఏ లాయరుగారి దగ్గరకెళ్లమంటారండీ?"

"అది నేను చెప్పకూడదు. ముగ్గురిని పోల్చి చూడాలి. ఇరవైనాలుగు ప్రశ్నలు."

"ఆ లాయరుగార్ని సరిగ్గా ఎంచుకున్నానని..."

"మరొక న్యాయవాది ధ్రువీకరిస్తారు." ఆమె అంత త్వరగా గ్రహించినందుకు ఆయన ముచ్చటపడ్డాడు.

"దీనికి చివరెక్కడండి?"

విశ్వంభరరావు కలం పక్కన పెట్టాడు. ఇంత లోతైన ప్రశ్న ఆయనను ఇంతవరకు ఎవరూ అడగలేదు. "చివర ఉన్నదాన్ని పని అంటారమ్మా" అన్నాడు నెమ్మదిగా. "ఇది విధానం."

అప్పటికి ఆ ఆఫీసు రూపమే మారిపోయింది. దస్తావేజులు రిజిస్టరు చేసే హాల్లో ఎంపిక విభాగం పెట్టారు. మార్కులు కూడేందుకు ఒక గుమస్తా, కూడినవి సరిచూసేందుకు ఒక గుమస్తా. వేలిముద్రల యంత్రం మీద ఫారాల కట్టలు పేర్చారు. నెలన్నరగా ఒక్క దస్తావేజూ రిజిస్టరు కాలేదు. ఒక్కటీ రిజిస్టరు కాలేదు గనుక ఒక్క తప్పూ దొర్లలేదు. రాష్ట్రం మొత్తానికి తప్పుల్లేని కార్యాలయం ఇదేనని విశ్వంభరరావుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. సభలో ఆ పెద్ద అధికారి మాట్లాడుతూ, విదేశాల్లో కూడా అప్పుడప్పుడు ఇళ్లు చేతులు మారుతూనే ఉన్నాయని, ఈ స్థాయి భద్రత తాను ఎక్కడా చూడలేదని అన్నాడు.

డెబ్బయ్యో రోజు మధ్యాహ్నం వాన మొదలైంది.

సుభద్ర అప్పుడే బజారునుంచి తడుస్తూ వస్తోంది. ఇంట్లో పెంకుల సందుల్లోంచి నీళ్లు సరిగ్గా మిషన్ల మీద, దండెం మీద పడుతున్నాయి. శుక్రవారం పెళ్లికి ఇవ్వాల్సిన పట్టు జాకెట్లు దండెం మీదే ఉన్నాయి. ఆమె గుమ్మంలో అడుగుపెట్టేసరికి మధ్య తలుపు బార్లా తెరిచి ఉంది. ప్రకాశరావు బనీనుతో స్టూలెక్కి, దండెం మీద టార్పాలిను పరుస్తున్నాడు. జాకెట్లు అప్పటికే మడిచి బల్ల కింద పెట్టేశాడు.

"బాబాయ్‌గారూ, దిగండి, పడిపోతారు! అయినా మనం మాట్లాడుకోకూడదు కదండి."

"మాట్లాడ్డం లేదు, తిడతన్నాను" అన్నాడాయన స్టూలు మీదనుంచే. "బుద్ధుండక్కర్లా నీకు? మబ్బు పట్టినప్పుడు మిషన్ల మీద ఏదో ఒకటి కప్పి వెళ్లాలా లేదా? ఆ బకెట్టు ఇలా జరుపు."

ఆమె బకెట్టు జరిపింది. గిన్నెలు, చెంబులు తెచ్చి పరిచింది. ఇద్దరూ అరగంట సేపు నీళ్లు ఎత్తిపోశారు. వాన కాస్త తగ్గాక ప్రకాశరావు గుమ్మంలో కూలబడి, "ఉప్మా తినలేదు నేను ఆ రోజు" అన్నాడు.

"చూశానండి."

"ఆ ఫారంలో రాశానమ్మాయ్. నువ్వు ఇంటికోసమే నన్ను చూసుకున్నావేమో చెప్పలేనని రాశాను. రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టినకాణ్ణుంచీ ముద్ద దిగట్లేదు."

సుభద్ర కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనూ రాశానండి. మీ నల్ల పెట్టెలో ఏదో తాకట్టు కాగితం ఉందేమో అని."

ప్రకాశరావు లేచి లోపలికి వెళ్లి, పెట్టె ఈడ్చుకొచ్చి తాళం తీశాడు. లోపల ఆయన భార్య చీరలు ఉన్నాయి. ఆరు. పైన కలరా ఉండలు.

"ఎవరికైనా ఇద్దామంటే చెయ్యి రాలేదు" అన్నాడు.

సుభద్ర ఏడ్చింది. ఆయన పెట్టె మళ్లీ మూశాడు. కాసేపటికి, "పొయ్యి వెలిగించమ్మాయ్, టీ తాగుదాం" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ కలిసే దివాకరం దగ్గరకు వెళ్లారు. ఆయన పాకలో ఖాళీగా కూర్చుని ఉన్నాడు. రెండు నెలలుగా అందరూ అంతే. అంతా విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మీరిద్దరూ ఒప్పుకున్నారు, అదండీ మీ ఇబ్బంది" అన్నాడు. "ఒప్పుకుని అమ్ముకునేవాళ్లకే ఈ నిబంధనలన్నీ. కొట్టుకునేవాళ్లకి ఒక్కటీ లేదు."

"అయితే?"

"కొట్టుకోండి."

ఆ సాయంత్రమే వాళ్లు కోర్టు వరండాకు వెళ్లారు. మొదటి బల్ల దగ్గర ఇందుమతి అనే లాయరు కూర్చుని ఉంది. సుభద్ర అలవాటుకొద్దీ సంచిలోంచి ఫారం తీసి, "అమ్మా, మీరు ఇంతవరకు చేసిన తప్పులెన్ని?" అని అడిగింది.

ఇందుమతి ఆమెను ఎగాదిగా చూసింది. "దావా వేద్దామని వచ్చారా, నా ఇంటర్వ్యూకి వచ్చారా?"

"దావాకేనండి."

"ఎవరి మీద?"

"ఈయన మీదండి" అని పక్కనే నిలబడ్డ ప్రకాశరావును చూపించింది. ఆయన నమస్కారం పెట్టాడు. ఆయన తరఫున ఎవరున్నారని లాయరు అడిగితే, ఎవరూ లేరన్నాడు. ఇందుమతి పక్క బల్ల మీద టీ తాగుతున్న లాయరును కేకేసింది. లాయర్లను కుదుర్చుకోవడం రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇల్లు అమ్ముతానని ఒప్పుకుని ఇప్పుడు రిజిస్టరు చేయించడం లేదని సుభద్ర ప్రకాశరావు మీద వేసిన దావాకు సోమవారం కోర్టులో నంబరు పడింది. ఇద్దరి లాయర్లూ రాజీకి సిద్ధమనేసరికి ఆ శనివారమే లోక్ అదాలత్‌కు వచ్చింది.

జడ్జిగారు కాగితం చూసి ప్రకాశరావును అడిగారు. "ఏమయ్యా, మాటిచ్చి ఇల్లెందుకు అమ్మవు?"

"అమ్ముతానండయ్యా."

"మరి అమ్మడం లేదని ఈమె అంటోంది."

"ఔనండి, అమ్మట్లేదండి."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "ఆమెకు ఇవ్వడం నీకిష్టమేనా?"

"ఆవిడకి కాకపోతే ఇంకెవరికిస్తానండి. పెంకులు కూడా చూసొచ్చాం నిన్న."

"ఎవరితో?"

"ఆవిడతోనేనండి."

జడ్జిగారు కొద్దిసేపు వాళ్లిద్దరినీ, వెనక బెంచీ మీద దివాకరం ఒళ్లో పెట్టుకున్న దస్తావేజునూ మార్చి మార్చి చూశారు. ఇందుమతి లేచి సర్క్యులరు ప్రతి అందించింది. ఆయన అయిదు పేజీలు చదివి, మిగతా ముప్పై ఏడూ చదవకుండానే పక్కన పెట్టి, ఉత్తర్వు చెప్పారు. జతపరిచిన దస్తావేజును ఉన్నదున్నట్టుగా మూడు రోజుల్లో రిజిస్టరు చేయాలి. వాదికీ ప్రతివాదికీ మధ్య వివాదం పరిష్కారమైంది.

"బయటకెళ్లాక మళ్లీ కొట్టుకోకండి" అన్నారు ఆయన. నవ్వినట్టే ఉంది.

కోర్టునుంచి నకలు రావడం ఆలస్యమై, తొంభైనాలుగో రోజున ఆ ఉత్తర్వు విశ్వంభరరావు బల్ల మీద పడింది. ఆయన మూడుసార్లు చదివాడు.

"ఈ లేఖరిని ఎంపిక చేసింది ఎవరు?"

"కోర్టువారండి" అంది సుభద్ర.

"ముగ్గురిని పోల్చి చూశారా?"

"వారినే అడగాలండి."

విశ్వంభరరావు గుమస్తా వైపు చూశాడు. "కోర్టుకు మన సర్క్యులరు పంపామా?" గుమస్తా లేదన్నాడు. ఎంతసేపు వెతికినా కోర్టును కాపాడే నిబంధన కనబడలేదు. చివరికి ఆయన సొరుగు తాళం తీసి ముద్ర బయటికి తీశాడు. సిరా దిమ్మ ఎండిపోయి ఉంది. దివాకరం ఎదురు పాకలోంచి నాలుగు చుక్కలు పట్టుకొచ్చాడు. వేలిముద్రల యంత్రం మీది కట్టలు దించడానికి గంట పట్టింది. దాన్ని ఎలా ఆన్ చేయాలో మరిచిపోతే అది కూడా దివాకరమే చూపించాడు. ప్రకాశరావు బొటనవేలు పెట్టాడు. సుభద్ర సంతకం చేసింది. ముద్ర వేసే ముందు విశ్వంభరరావు ఉత్తర్వు ఇంకోసారి చదివాడు.

మర్నాటినుంచి కోర్టు వరండా కిటకిటలాడింది. అన్నదమ్ములు, వియ్యంకులు, ఒకే బడిలో చదువుకున్నవాళ్లు, ఒకరి మీద ఒకరు ఎంతో ప్రేమగా దావాలు వేసుకున్నారు. సుభద్ర ఇంటి మీద పెంకులు దించుతుంటే ప్రకాశరావు కింద నిలబడి పగిలినవి, పగలనివి వేరు చేశాడు. ఉప్మాలో ఉప్పెక్కువైందని రెండుసార్లు చెప్పాడు.

విశ్వంభరరావు ఆ నెలాఖరున పైవారికి నివేదిక పంపాడు. ప్రశంసాపత్రం వచ్చిన కార్యాలయం గనుక దాచకుండా రాశాడు: "ఈ కార్యాలయమందు ఈ నెలలో ఒక రిజిస్ట్రేషను సంభవించినది. అందుకు దారితీసిన పరిస్థితులపై విచారణ జరుగుచున్నది. ఇకముందు ఇటువంటివి జరగకుండా తగు చర్యలు గైకొనబడును."